రెండు పందెములు, ఒక మొత్తము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను భారతకథలను గూర్చి ప్రసంగింపుమని కోరిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను గాను. మా తండ్రిగారు ఈ గ్రామ కరణములు. 1984లో ఆ పదవులు రద్దగునాటికి నేను బడిపిల్లవాడను. పెద్దలు నేటికిని నన్ను కరణమనియే పిలుచుట వారి అలవాటు, నాయం దభిమానము. నేను చేయునది సహకార సంఘమున జమాఖర్చులు వ్రాయుట. సాయంకాలము దస్త్రము కట్టిపెట్టి యీ గ్రంథాలయపు బల్లపై నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, భారతమును, పావులూరి మల్లన గణితమును పద్యమునకు పద్యము కూడబలుకుకొని చదివితిని. కావున కథయు లెక్కయు కలిసిన విషయమొకటి చెప్పెదను. కేవలము కథ నాశించి వచ్చినవారు క్షమింతురు గాక.

భారతమున నలోపాఖ్యానము మీకు దెలియును. ఋతుపర్ణ మహారాజు రథము విదర్భకు పరువులెత్తుచున్నది. సారథి వేషముననున్న నలుడు గుఱ్ఱములను దోలుచున్నాడు. దారిలో రాజొక తాండ్రచెట్టును జూచి, దాని ఆకుల లెక్కయు, కాయల లెక్కయు చూచినంతనే చెప్పెను. నలుడు నమ్మక, రథమాపి, దిగి లెక్కించినగాని కదలననెను. సమయము మించిపోవుచున్నదని రాజు తొందరపడుచుండగా, అంత వేగము తెలిసిన నలుడు లెక్కకొఱకు నిలిచిపోయెను. ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు నలునిపై ప్రీతి హెచ్చును. వేగముగా పోవుట యొక విద్య, పోయినదానిని లెక్కించుట వేఱొక విద్య. నేడు నేను చెప్పబోవునది ఆ రెండవ విద్యలోని యొక చిక్కు.

ముందుగా పిల్లల కొక ప్రశ్న. రాముడు, సోముడు, భీముడు అని ముగ్గురు బాలురు. రెండు పరుగుపందెములు జరిగినవి. సోముడు మొదటి పందెమున రెండవవాడు, రెండవ పందెమునను రెండవవాడే. రెండు పందెముల కాలమును కూడి, ఎవరి మొత్తము తక్కువయో వారికి బహుమానము. సోముని స్థానమేది?

రెండవ స్థానమేయని అప్పుడే నాలుగు గొంతులు పలికినవి. నాకును మొదట అట్లే తోచినది. ఇప్పుడు లెక్క చూడుడు. మొదటి పందెమున రాముడు 60 సెకండ్లలో చేరెను, సోముడు 62లో, భీముడు 80లో. రెండవదానిలో భీముడు 60, సోముడు 62, రాముడు 80. రాముని మొత్తము 140, భీముని మొత్తము 140, సోమునిది 124. ఒక్క పందెమైనను గెలువని సోముడు మొత్తముపై ప్రథముడు! మఱల చూడుడు. రాముడు భీముడు అట్లే యుండగా, సోముడు రెండింటను 62కు బదులు 79 సెకండ్లు పరుగెత్తెననుకొందము. రెండింటను రెండవవాడే. కాని మొత్తము 158, అందఱికంటె కడపటివాడు. స్థానములు మాఱలేదు, ఫలము తలక్రిందులైనది. మధ్యస్థముగా ఒక సెకండు అటునిటు సవరించిన రెండవవాడును గావచ్చును.

ఇట్లేల జరిగెను? స్థానము చెప్పునది ఎవడు ముందు, ఎవడు వెనుక యను మాట మాత్రమే. ఎంత ముందో ఎంత వెనుకో అది చెప్పదు. మా లెక్కల భాషలో చెప్పవలెనన్న, రైతుల పేర్లు వరుసగా వ్రాసి, వారి బాకీల మొత్తములు వ్రాయని చిట్టా వంటిది. ఆ చిట్టాతో సంవత్సరాంతపు లెక్క తేల్చుమన్న ఏ గుమాస్తా తేల్చగలడు?

అన్నింటను మొదటివాడైనవానికి మాత్రము ఈ చిక్కు లేదు. వినాయకవ్రతమునాడు మనమందఱము వినుచున్న కథ జ్ఞప్తికి దెచ్చుకొనుడు. కుమారస్వామి మూడుకోట్ల యేబదిలక్షల నదులలో స్నానమాడబోగా, ప్రతి నదియొద్దను అన్నగారు ముందే స్నానముచేసి ఎదురు వచ్చుచుండెను. అన్ని పందెములలోను ఒక్కడే ముందున్నపుడు మొత్తమునందును వాడే ముందు. అక్కడ లెక్కగాని అవసరము లేదు. గెలుపు ఒకచోట ఒకనిది, మఱియొకచోట వేఱొకనిది యైనప్పుడే తగవు పుట్టును.

అయినచో స్థానములవలన ఏమియు తెలియదా? కొంత తెలియును. ఎంత తెలియునో కొలుచుటయే ఈ చిక్కులోని సారస్యము. పదిమంది పోటీ చేసిరి. ఒక బాలుడు మొదటి పందెమున ఏడవవాడు, రెండవదానిలో ఎనిమిదవవాడు. మొదట ఇతనికి ముందున్నవారు ఆరుగురు, రెండవసారి ముందున్నవారు ఏడుగురు. కూడిన పదుమూడు. కాని ఇతడు కాక మిగిలినది తొమ్మండుగురే. తొమ్మండుగురిలో పదుమూడు పేర్లు రావలెనన్న నలుగురి పేర్లయినను రెండు జాబితాలలోను ఉండితీరవలెను. ఆ నలుగురు రెండు పందెములలోను ఇతనిని మించినవారు. వారి కాలములు ఎట్లున్నను మొత్తమునందు వారు ముందే. కావున ఈ బాలునికి అయిదవ స్థానమునకు మించినది రాదు. కడపటి స్థానము మాత్రము రావచ్చును.

రెండవవాడు, మూడవవాడు అయిన బాలుని సంగతి చూడుడు. ముందున్నవారు ఒకసారి ఒక్కడు, ఇంకొకసారి ఇద్దఱు, వెరసి ముగ్గురికి మించరు. కావున ఎంత దురదృష్టమున్నను నాలుగవ స్థానముకంటె క్రిందికి దిగడు. ఇక అయిదు, ఆరు స్థానములు వచ్చినవాని సంగతి వినోదకరము. ముందున్నవారు నలుగురు, అయిదుగురు. వారు వేర్వేఱు మనుష్యులైన తొమ్మండుగురును సరిగా పంపిణీ యగుదురు. ఒక్కొక్కడును ఇతనిని ఒక్కసారియే మించెను. కావున ఇతనికి మొదటి స్థానము మొదలు పదవ స్థానము దాక ఏదైనను రావచ్చును. స్థానములు రెండును తెలిసినను, ఫలమును గూర్చి అణుమాత్రము తెలియలేదన్నమాట. నాకీ లెక్క తేలిన రాత్రి నిద్ర పట్టలేదు. అది కేవలము ఆనందముచేత గాదు. కారణము చెప్పెదను.

ఈ సంచిక నిమిత్తము మన గ్రంథాలయపు పాతదస్త్రములు తిరుగవేయుచుండగా నా చేతివ్రాతలో నున్న కాగితమొకటి దొరకినది. పెద్దలలో కొందఱికి ఆ సంవత్సరపు వార్షికోత్సవము జ్ఞప్తి యుండును. బాలురకు చెఱువుగట్టు పరుగొకటి, సైకిలు పందెమొకటి పెట్టితిమి. రెండింటను కలిపి ప్రథముడైనవానికి శబ్దరత్నాకర నిఘంటువు బహుమానము. కాలము కొలుచుటకు స్టాపువాచీతో కూర్చున్నవాడను, లెక్క వ్రాసినవాడను, ఫలితము ప్రకటించినవాడను నేనే. పోటీలో ఆరుగురు బాలురు. వారిలో ఒకడు మా అక్కగారి కుమారుడు. ఒకడు ఒక పాలేరు కుమారుడు, ప్రతి సాయంత్రము ఇక్కడికి వచ్చి వార్తాపత్రికను మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదివెడివాడు.

కాగితముపై నున్నదిది. పరుగులో మా మేనల్లుడు మొదటివాడు, 6 నిమిషముల 10 సెకండ్లు. వేఱొక బాలుడు రెండవవాడు, 6 నిమిషముల 12. పాలేరు కుమారుడు మూడవవాడు, 6 నిమిషముల 14. సైకిలు పందెమున పాలేరు కుమారుడు అరువు తెచ్చుకొన్న సైకిలుపై 9 నిమిషముల 20 సెకండ్లలో మొదట చేరెను. మా మేనల్లుడు 9 నిమిషముల 58 సెకండ్లకు రెండవవాడయ్యెను. పరుగులో రెండవవాడైన బాలుని సైకిలు గొలుసు దారిలో ఊడినందున వాడు అందఱికంటె వెనుకబడెను.

నేను స్థానములు కూడితిని. మేనల్లునికి ఒకటియు రెండును మూడు. పాలేరు కుమారునికి మూడును ఒకటియు నాలుగు. తక్కువ అంకము వచ్చినవాడు గెలిచెనని మేనల్లుని పేరు చదివితిని. చప్పట్లు మ్రోగినవి. ఆ బాలుడు మెల్లగా నాయొద్దకు వచ్చి, "కరణంగారూ, సెకండ్లు కూడితే నాదే తక్కువ కాదాండీ?" అని యడిగెను. "ఇక్కడ స్థానములు చూతుము నాయనా, సెకండ్లు కాదు" అంటిని. వాడు తలయూపి వెడలిపోయెను. ఆ పిమ్మట వాడు గ్రంథాలయమునకు రాలేదు. నేనది కొంతకాలము గమనింపలేదు. గమనించిన పిదప పిలువనంపనును లేదు.

సెకండ్లు కూడిన మేనల్లుని మొత్తము 16 నిమిషముల 8 సెకండ్లు. వానిది 15 నిమిషముల 34. ముప్పదినాలుగు సెకండ్ల తేడా. నా కూడిక తప్పు గాదు. ఏ తనిఖీదారు వచ్చి చూచినను ఆ కాగితమున తప్పు పట్టలేడు. తప్పు వేఱొకచోట నున్నది. స్థానములు చూతుమను మాట పందెమునకు ముందు నే నెవ్వరికిని చెప్పలేదు. కాగితముపై రెండు కూడికలును కనబడుచుండగా, ఏది కూడవలెనో ఫలము చూచిన పిదప నిర్ణయించితిని. మేనల్లుడని పక్షపాతము చూపితినా యని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. చూపలేదని ప్రమాణము చేయుటకు నాకు ధైర్యము చాలదు.

మఱియొక సంగతి. ఆ గొలుసు ఊడిన బాలుడు అసలు పందెమునకే రాకుండిన, పాలేరు కుమారుడు పరుగులో రెండవవాడై యుండును. అంకములు సమానమయ్యెడివి. బహుమానముతో సంబంధములేని మూడవవాడు ఇద్దఱి తగవును నిర్ణయించెనన్నమాట. ఇది మన పల్లెటూరి తెలివితక్కువ యని యెంచవలదు. 2020 ఒలింపిక్ క్రీడలు 2021లో టోక్యోలో జరిగినప్పుడు గోడ లెక్కు పోటీలో ఇట్టిదే జరిగినది. అందు మూడు విభాగములు. ఒకటి వేగముగా ఎక్కు పందెము, మిగిలిన రెండును నైపుణ్యమునకు సంబంధించినవి. మూడింటి స్థానములను గుణించి, లబ్ధము తక్కువైనవానికి స్వర్ణ పతకము. పురుషులలో స్పెయిను దేశపు అల్బెర్టో హినెస్ లోపెజునకు ఒకటి, ఏడు, నాలుగు స్థానములు వచ్చినవి, లబ్ధము 28. చెక్ దేశపు ఆడమ్ ఓంద్రాకు నాలుగు, ఆరు స్థానములు వచ్చిన పిదప మూడవ విభాగమున ప్రథమస్థానమే నిలిచియున్న లబ్ధము 24, స్వర్ణము అతనిదే. కాని ఆస్ట్రియా దేశపు యాకోబ్ షూబర్ట్ అందఱి చివర ఎక్కి శిఖరమందెను. ఓంద్రాకు రెండవ స్థానమయ్యెను. లబ్ధము 48, అతడు ఆరవస్థానమునకు జారెను. షూబర్టుకు దక్కినది కాంస్యము. ఓంద్రా ఎక్కిన యెత్తు అంగుళమైనను తగ్గలేదు, లోపెజు ఎక్కినది పెరుగలేదు. మూడవవాని ఎక్కుడువలన వారిద్దఱి వరుస తాఱుమాఱైనది. అయితే అక్కడ గుణకారమని ముందే ప్రకటించిరి, కావున ఎవ్వరిని నిందింప వీలులేదు. 2024లో పారిసునందు వేగపు పందెమును విడదీసి, మిగిలిన రెండింటికి అంకములు కూడు పద్ధతి పెట్టిరి.

స్థానములు విడిచి కాలమునే కూడిన సరిపోదా యని మీరడుగుదురు. నేనును అట్లే తలంచితిని. ఆ తలంపుతోనే ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు సైకిలు పందెపు చరిత్ర చదివితిని. టూర్ ద ఫ్రాన్స్ అను ఆ పందెము 1903లో ఆరంభమైనది. పలుదినములు, దినమునకొక మజిలీ. మొదట కాలమునే కూడిరి. 1904లో మోసములు బయటపడి మొత్తముపై మొదటి నలుగురిని తొలగించి, అయిదవవాడైన ఆన్రీ కోర్నే యను ఇరువదేండ్లు నిండని యువకుని విజేతగా ప్రకటించిరి. 1905 మొదలు 1912 వఱకు మజిలీలలో వచ్చిన స్థానములనుబట్టి అంకములు వేసిరి. 1913లో మఱల కాలమునకే మరలిరి, నేటికిని అదియే పద్ధతి.

కాలమును కూడు పద్ధతిలో ఎంత సొగసున్నదో! 1989లో కడపటి దినమున అమెరికా దేశస్థుడు గ్రెగ్ లెమాండ్, ఫ్రాన్సు దేశస్థుడు లొరాఁ ఫిన్యోఁ కంటె 50 సెకండ్లు వెనుకబడియుండెను. మిగిలినది వెర్సాయ్ నుండి పారిసునకు 24.5 కిలోమీటర్లు. దానిలో 58 సెకండ్లు సంపాదించి 8 సెకండ్లతో గెలిచెను. మూడువారములు, మూడువేల కిలోమీటర్లకు పైగా త్రొక్కిన పిదప ఎనిమిది సెకండ్లు! మఱుసటి యేడు, అనగా 1990లో, ఆతడే ఒక్క మజిలీయైనను గెలువకుండ మొత్తము పందెమును గెలిచెను. 2019లో కొలంబియా దేశపు ఎగాన్ బెర్నాల్ అట్లే చేసెను. మన సోముడు కల్పిత పాత్ర గాడని మీకిప్పుడు తెలిసియుండును.

కాని 1913లో, కాలమునకు మరలిన ఆ సంవత్సరమే, ఒక సంఘటన జరిగినది. యూజేన్ క్రిస్తోఫ్ అను వీరుడు పిరనీ పర్వతములలో తూర్మలే కనుమ దిగుచుండగా సైకిలు ముందుచక్రమును పట్టియుంచు కవ్వము విఱిగినది. పరుల సహాయము పొందరాదని నియమము. సైకిలు భుజమున వేసికొని మైళ్ళకొలది నడచి, సెంత్ మారీ ద కాంపాన్ అను పల్లెలో కొలిమి వెదకి, తానే ఇనుము కాల్చి అతికించుకొనెను. తిత్తి ఊదుటకు ఒక బాలుడు సాయపడినందుకు దానికిని కాలదండన వేసిరి! మొత్తముమీద సుమారు నాలుగు గంటలు పోయినవి. పందెము ముగియునాటికి అతడు ఏడవవాడు, గెలిచినవాడు బెల్జియము దేశపు ఫిలిప్ తీస్. స్థానముల లెక్క యైన, ఒక్క దినపు అపజయమునకు కొన్ని అంకములే పోవును, మిగిలిన దినములలో కూడదీసికొనుటకు వీలుండును. కాలపు లెక్కలో నాలుగు గంటలు నాలుగు గంటలే. ఒక దినపు దురదృష్టము పందెమంతయు మ్రింగినది.

ఇది చదివి, ఆ పాతకాగితము జేబులో బెట్టుకొని, శబ్దరత్నాకర ప్రతియొకటి కొని, మా మండల కేంద్రమునకు పోయితిని. ఆ నాటి పాలేరు కుమారుడు అక్కడ సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు బాగుచేయు దుకాణము పెట్టుకొనియున్నాడు. "కరణంగారూ, రండి, కూర్చోండి" అని స్టూలు తుడిచి వేసెను. కాగితము చూపి, లెక్క చెప్పి, ఆ నిఘంటువు నీకు రావలసినదని యంటిని. వాడు చాలసేపు ఆ కాగితమును చూచెను. పిదప గొలుసు ఊడిన బాలుని పేరుపై వ్రేలుంచి ఇట్లనెను:

"తూము దాకా వీడే నాకంటే ముందున్నాడండి. గొలుసు వదులుగా ఉందని పందేనికి ముందే నేను చూశాను. బిగించి ఇస్తానంటే వినలేదు. నాకు అన్యాయం జరిగిందంటే వీడికి జరిగింది ఏమిటండి? వీడికేమిస్తారు?"

నాకు సమాధానము తోచలేదు. స్థానములు కూడినను, సెకండ్లు కూడినను, నా కాగితమునందు ఆ బాలుని పేరు మొదట లేదు. తూము దాక వాడు ముందున్న మాట ఏ గడిలోను లేదు. నేను స్టాపువాచీతో చేరు గీతవద్ద కూర్చుంటిని గాని తూమువద్ద లేను.

నిఘంటువు వలదనునేమో యని భయపడితిని. వాడు చేతి కంటిన నూనెను గుడ్డతో తుడుచుకొని, "మా అమ్మాయి తొమ్మిదో తరగతండి, తెలుగంటే ఇష్టం, దానికిస్తాను" అని పుచ్చుకొనెను. పుస్తకము పైన నేనేదైన వ్రాయవలెనా యని యడిగితిని. వలదనెను. వచ్చునపుడు నా సైకిలు గొలుసును చూచి, రెండు చుక్కలు నూనె వేసి పంపెను.

ఈ రజతోత్సవమున రేపు జరుగబోవు పందెముల నియమములు ఎనిమిది దినముల క్రితమే వాకిటి పలకపై అంటించితిమి. అందఱు చూచియే యుందురు. కాలముల మొత్తమే లెక్క. నేను స్టాపువాచీ పట్టను, లెక్క వ్రాయుదును. గడియారము పట్టువారు వేఱు, ఫలితము చదువువారు వేఱు. సైకిలు చెడినవానికి ఆగిన కాలము విడిచిపెట్టవలెనా వలదా యను విషయమున సంఘమునందు మూడు రాత్రులు చర్చ జరిగినది. విడువవలెనని నేను వాదించితిని. కావలెనని గొలుసు ఊడదీయువాడును ఉండునని కార్యదర్శిగారు వాదించిరి. ఓట్లలో నేను ఓడితిని. ఓడితిని గనుక అంటించిన నియమమే నాకును నియమము.

ఇక విద్యార్థులకు నేను బాకీపడినది ఒకటి కలదు. రేపటి పోటీలో ఇరువదిమంది పాల్గొనుచున్నారు. పరుగు, సైకిలు, ఈత అని పందెములు మూడు. ఒక బాలునికి వరుసగా పదుమూడు, పదునైదు, పదునేడు స్థానములు వచ్చినవనుకొనుడు. మూడు కాలములను కూడిన తరువాత వానికి రాగల మేలైన స్థానమేది? రెండు పందెములకు నేను చెప్పిన యుక్తియే, ఒక్క మెట్టు పైకి ఎక్కవలెను. నా సమాధానమును కవరులో అంటించి గ్రంథాలయాధికారిగారి బల్ల సొరుగులో ఉంచితిని. మీ సమాధానములు ఆదివారము సాయంత్రములోగా వ్రాసి వారికి ఈయుడు. నాది తప్పైనచో ఆ మాటయు వ్రాసి ఈయుడు.